బరువు బండికి కొత్త మాస్టర్ సిలిండర్: ఎంపికలో లెక్క, బిగింపులో క్రమం

వాణిజ్య వాహనాల బ్రేకుల విషయంలో మన షెడ్లలో ఎక్కువగా వినబడే తీర్పు ఒకటే. పెడల్ కిందికి పోతోంది కాబట్టి మాస్టర్ సిలిండర్ పోయింది, మార్చేయాలి. మాస్టర్ సిలిండర్ అంటే పెడల్ బలాన్ని ఆయిల్ ఒత్తిడిగా మార్చి చక్రాలకు పంపే భాగం. ఈ తీర్పు చాలాసార్లు నిజమే కావచ్చు. అయితే ఆ తర్వాత జరిగే పని, అంటే దుకాణానికి పోయి బండి పేరు చెప్పి, పాతదానిలాగే కనబడే సిలిండర్ తెచ్చి, బోల్టులు పట్టాయి కనుక బిగించేసి, బ్రేక్ ఆయిల్ పోసి, బ్రేక్ పైపుల్లో చేరిన గాలిని నాలుగు చక్రాల దగ్గరా తీసి బండిని రోడ్డెక్కించడం, ప్రమాదాన్ని వెంట పంపడమే. సిలిండర్ లోపలి వ్యాసం, పిస్టన్ నడిచే దూరం, రెండు గదుల మధ్య ఆయిల్ పంపకం, లోపలి వాల్వులు, రబ్బరు రకం, ఇవన్నీ ఆ బండి పెడల్‌కు, కాలి బలాన్ని పెంచే బూస్టర్‌కు, చక్రాల దగ్గరి సిలిండర్లకు కలిపి వేసిన ఒకే లెక్కలోని అంకెలు. వాటిలో ఏ ఒక్కటి మారినా బ్రేకు పడే తీరు మారుతుంది. ఖాళీ బండిలో తెలియని ఆ మార్పు నిండు లోడుతో ఘాట్ దిగేటప్పుడు బయటపడుతుంది.

ఏ బండ్ల గురించిన మాటో ముందే తేల్చుకోవడం మంచిది. పది, పన్నెండు టైర్ల లారీలకూ పెద్ద టిప్పర్లకూ పూర్తిగా గాలి బ్రేకులే ఉంటాయి. వాటిలో బ్రేకు కోసం మాస్టర్ సిలిండర్ ఉండదు, కనబడేది క్లచ్‌దే అవుతుంది. టాటా 407 తరహా బండ్లు, డీసీఎం వ్యాన్లు, మినీ బస్సులు, స్కూలు బస్సుల్లో చాలావాటికి వాక్యూమ్ బూస్టర్‌తో పనిచేసే హైడ్రాలిక్ (ఆయిల్ ఒత్తిడితో పడే) బ్రేకులు ఉంటాయి. డీజిల్ ఇంజన్‌లో పెట్రోల్ ఇంజన్‌లో మాదిరిగా వాక్యూమ్ దానంతట అది దొరకదు కనుక, చాలా బండ్లలో ఆల్టర్నేటర్‌కే జోడించిన చిన్న పంపు దాన్ని పుట్టిస్తుంది. వీటికీ పెద్ద లారీలకూ మధ్య తరగతిలో మరో పద్ధతి ఉంది. పెడల్ తొక్కితే గాలి వాల్వు తెరుచుకుంటుంది, ఆ గాలి ఒక యాక్చుయేటర్‌ను నెడుతుంది, యాక్చుయేటర్ మాస్టర్ సిలిండర్‌ను నెడుతుంది. బ్యాక్‌హో లోడర్లలో మరో తీరు. ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి చొప్పున రెండు పెడళ్లు, రెండు సిలిండర్లు ఉంటాయి. ఒకటి మార్చి రెండోది పాతదే వదిలేస్తే రోడ్డు మీద పెడళ్లు రెండూ కలిపి తొక్కినప్పుడు యంత్రం ఒక పక్కకు లాగే అవకాశం ఉంది.

ఇప్పుడు వాడుకలో ఉన్న బండ్లలో సాధారణంగా ఉండేది టాండమ్ సిలిండర్. ఒకే గొట్టంలో ఒకదాని ముందు ఒకటిగా రెండు పిస్టన్లు, రెండు గదులు, రెండు పైపు వరుసలు. బూస్టర్ కడ్డీ వెనుక పిస్టన్‌ను నెడితే, ఆ గదిలో పుట్టిన ఒత్తిడి ముందు పిస్టన్‌ను నెడుతుంది. పెడల్ వదిలినప్పుడు పిస్టన్ మీద ఆయిల్ దాటకుండా ఆపే ప్రతి రబ్బరు కప్పుకు సరిగ్గా ముందు ఒక సన్నని రంధ్రం తెరుచుకుని ఉంటుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్, పైనుండే ఆయిల్ డబ్బాలోకి తిరిగి వెళ్లే దారి అదే. పెడల్ తొక్కగానే కప్పు ఆ రంధ్రాన్ని దాటి మూసేస్తుంది, అక్కడి నుంచే ఒత్తిడి మొదలవుతుంది. గుండుసూది పట్టేంత ఆ రంధ్రం దగ్గరే బ్రేకుల కథలో సగం నడుస్తుంది. చెత్త చేరినా, కప్పు ఉబ్బి దాన్ని కప్పేసినా, బూస్టర్ కడ్డీ పొడవెక్కువై పిస్టన్ పూర్తిగా వెనక్కి రాలేకపోయినా ఆయిల్ తిరిగి పోలేదు. అప్పుడు బ్రేకులు పట్టేసి లైనర్లు (డ్రమ్మును రాసుకుని చక్రాన్ని ఆపే పట్టీలు) కాలిపోతాయి.

ఒక వరుసలో పైపు పగిలినా రెండోది పనిచేస్తుందన్నది టాండమ్ ఇచ్చే భరోసా. ఈ భరోసాకు ఒక షరతు ఉందన్న సంగతి చాలామంది గమనించరు. వెనుక గదిలో ఒత్తిడి లేనప్పుడు వెనుక పిస్టన్ ఖాళీగా ముందుకు జరిగి, ముందు పిస్టన్‌ను తాకి, ఆ తర్వాతే దాన్ని నెట్టగలదు. అంటే పెడల్‌కు ఇంకా కిందికి వెళ్లే చోటు మిగిలి ఉండాలి. లైనర్లు అరిగి, సర్దుబాటు లేక, మామూలు బ్రేకుకే పెడల్ మూడొంతులు కిందికి పోతున్న బండిలో ఆ చోటు మిగలదు. కాగితం మీద రెండు వరుసలున్న ఆ బండి, నిజానికి ఒక్క వరుస మీదే నడుస్తున్నట్టు లెక్క.

సిలిండర్ మార్చాలో వద్దో తేల్చడానికి పెడల్ ప్రవర్తనే మొదటి సాక్ష్యం. ఇంజన్ నడుస్తుండగా పెడల్‌ను తేలిగ్గా, ఒకే బలంతో ఒక నిమిషం పాటు తొక్కి పట్టినప్పుడు అది మెల్లగా కిందికి జారుతూ, డబ్బాలో ఆయిల్ తగ్గక, చక్రాల దగ్గర తడి కూడా కనబడకపోతే, కప్పులు లోపల్లోపలే ఆయిల్ వదులుతున్నాయని అర్థం. ఆయిల్ తగ్గుతోంది కానీ బయట ఎక్కడా తడి లేదంటే, సిలిండర్ వెనుక కప్పు దాటి ఆయిల్ బూస్టర్‌లోకి పోతూ ఉండవచ్చు. సిలిండర్‌ను బూస్టర్ నుంచి విప్పి ఆ ముఖం మీద వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది. అలాంటప్పుడు బూస్టర్ లోపలి డయాఫ్రమ్‌ను (రబ్బరు పొరను) కూడా అనుమానించాల్సిందే. స్పాంజిలా మెత్తగా ఉండే పెడల్‌కు కారణం పైపుల్లో గాలి. రెండు మూడుసార్లు పంప్ చేస్తేగానీ పైకి రాని పెడల్‌కు చాలాసార్లు కారణం డ్రమ్ముకూ లైనర్‌కూ మధ్య పెరిగిన సందు. రాయిలా గట్టిపడిన పెడల్ వాక్యూమ్ లోపాన్ని చెబుతుంది. ఈ మూడింటిలో ఏదీ సిలిండర్ మార్చితే పోయేది కాదు.

ఘాట్ రోడ్ల సంగతి వేరుగా చెప్పుకోవాలి. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపో, శ్రీశైలం నుంచి దోర్నాల వైపో లోడుతో దిగిన బండికి సగం దారిలో పెడల్ పూర్తిగా కిందికి పోయి, ఒక గంట ఆపి చల్లారనిస్తే మళ్లీ మామూలుగా వచ్చిందంటే, సిలిండర్‌ను అనుమానించే ముందు ఆయిల్‌ను అనుమానించాలి. గ్లైకాల్ ఆధారిత బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం తాజా డాట్ 3 శ్రేణి ఆయిల్ కనీస మరిగే ఉష్ణోగ్రత 205 డిగ్రీల సెల్సియస్, 3.7 శాతం నీరు చేరినప్పటి కనీసం 140 డిగ్రీలు. డాట్ 4కు ఈ అంకెలు 230, 155. ఏళ్ల తరబడి మార్చని ఆయిల్ వీల్ సిలిండర్ల దగ్గర మరిగి ఆవిరైతే, పెడల్ బలమంతా ఆ ఆవిరిని నొక్కడానికే పోతుంది. పైగా వేడికి డ్రమ్ము కూడా వ్యాకోచించి లైనర్‌కు దూరమవుతుంది. ఇలాంటి బండికి కొత్త సిలిండర్ వేసినప్పుడు సమస్య తీరినట్టు కనిపించడానికి కారణం, ఆ పనిలో భాగంగా కొంత తాజా ఆయిల్ పోయడమే. ఆయిల్ మళ్లీ పాతబడ్డాక అదే మలుపులో పెడల్ మళ్లీ పోతుంది.

గాలితో హైడ్రాలిక్‌ను నడిపే బండ్లలో పెడల్ పరీక్షను నమ్మడానికి వీల్లేదు. అక్కడ డ్రైవరు కాలికి తెలిసేది గాలి వాల్వు స్ప్రింగు బిగువే తప్ప ఆయిల్ ఒత్తిడి కాదు. కప్పులు ఆయిల్ వదిలేస్తున్నా పెడల్ ఎప్పటిలాగే ఉంటుంది. ఛాసిస్ కింద యాక్చుయేటర్ కడ్డీ ఎంత దూరం నడుస్తోందో ఒకరు పెడల్ తొక్కుతుండగా మరొకరు చూడటమే అక్కడ సరైన పద్ధతి. కొన్ని బండ్లలో ఆ కడ్డీ హద్దు మీరితే డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుంది. దీపం విసిగిస్తోందని దాని వైరు పీకేయడం కంటే పెద్ద తప్పు ఈ వ్యవస్థలో మరొకటి లేదు.

ఎంపికకు వస్తే, అన్నిటికన్నా ముందు చూడాల్సింది లోపలి వ్యాసం. ఇది సిలిండర్ ఒంటి మీదే అంగుళాల్లోనో మిల్లీమీటర్లలోనో పోతలో వచ్చి ఉండటం మామూలు. ఒక లెక్క వేసి చూస్తే దీని ప్రాముఖ్యం తెలుస్తుంది. బూస్టర్ కడ్డీ పిస్టన్‌ను 300 కిలోల బలంతో నెడుతోందనుకుందాం. వ్యాసం 25.4 మి.మీ. అయితే పిస్టన్ వైశాల్యం సుమారు 5.07 చదరపు సెం.మీ., పైపుల్లో పుట్టే ఒత్తిడి చదరపు సెం.మీ.కు దాదాపు 59 కిలోలు. అదే చోట 28.57 మి.మీ. సిలిండర్ పెడితే వైశాల్యం 6.41 అవుతుంది, ఒత్తిడి 47 కిలోలకు పడిపోతుంది. పైకి చూస్తే తేడా మూడు మిల్లీమీటర్లే, పోయేది బ్రేకు బలంలో అయిదో వంతు. పెడల్ గట్టిగా, పైనే నిలబడుతుంది కాబట్టి డ్రైవరుకు బ్రేకు మెరుగుపడిందన్న భ్రమ కూడా కలుగుతుంది. ఇందుకు ఎదురుగా సన్న సిలిండర్ పెడితే ఒత్తిడి పెరుగుతుంది గానీ పంపే ఆయిల్ తగ్గుతుంది. 30 మి.మీ. నడకకు 28.57 సిలిండర్ పంపేది 19 సీసీలకు పైగా, 25.4 సిలిండర్ పంపేది 15 సీసీలు, 22.2 సిలిండర్ పంపేది 12 సీసీల లోపు. లైనర్లు అరిగిన రోజున ఆ తక్కువ ఆయిల్ చాలక పెడల్ నేలను తాకుతుంది.

వ్యాసం సరిపోయినా నడక సరిపోవాలన్న నియమం లేదు. టాండమ్ సిలిండర్‌లో రెండు పిస్టన్లకూ వేర్వేరు నడకలు ఉండవచ్చు. ముందు డిస్కులు, వెనుక డ్రమ్ములు ఉన్న బండికీ, నాలుగూ డ్రమ్ములున్న బండికీ కావలసిన ఆయిల్ పంపకాలు ఒకటి కావు. బయటి ఆకారం, బోల్టుల ఎడం, డబ్బా మూతులు అన్నీ ఒకేలా ఉన్న రెండు సిలిండర్లు లోపల వేర్వేరుగా ఉండటం తయారీదారులకు మామూలు విషయం. అందుకే బండి పేరు, సంవత్సరం చెప్పి కొనడం సరిపోదు. ఛాసిస్ నంబరు ఆధారంగా కంపెనీ క్యాటలాగ్‌లో పార్ట్ నంబరు తేల్చుకుని, పాత సిలిండర్ మీది అంకెలతో పోల్చుకోవాలి. ఈ రెండూ కలవకపోతే, గతంలో ఎవరో ఒకసారి తప్పు సిలిండర్ పెట్టి ఉండవచ్చన్న ఆలోచన కూడా రావాలి. చేతులు మారిన బండ్లలో పాత భాగమే ప్రమాణమనుకోవడం సరికాదు.

డ్రమ్ము బ్రేకుల పైపు మూతి దగ్గర కొన్ని సిలిండర్లలో రెసిడ్యువల్ వాల్వు ఉంటుంది. పెడల్ వదిలేశాక కూడా పైపుల్లో కొద్దిపాటి ఒత్తిడిని నిలిపి, వీల్ సిలిండర్ కప్పుల అంచులు గోడకు అంటుకుని ఉండేలా చేయడం దాని పని. ఆ ఒత్తిడి డిస్కు వరుసలో మిగిలితే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి. కనుక డ్రమ్ము వాల్వు ఉన్న సిలిండర్‌ను డిస్కు బండికి పెట్టడమంటే బ్రేకులు వేడెక్కేందుకు ఏర్పాటు చేయడమే. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) ఉన్న బండిది మరో చిక్కు. ఏబీఎస్ పనిచేసేటప్పుడు ఆయిల్ దడదడమంటూ వెనక్కి కొట్టుకుంటుంది. ఆ ఒత్తిడికి కప్పు అంచు సన్నని రంధ్రంలోకి నొక్కుకుపోయి తెగుతుంది. అందుకే అలాంటి బండ్లకు పిస్టన్ మధ్యలోనే వాల్వు ఉండే సిలిండర్లను వాడతారు. పాత నమూనా సిలిండర్ చవకగా దొరికిందని ఏబీఎస్ బండికి పెడితే మొదట్లో బాగానే ఉంటుంది, ఆ కప్పులు ఎన్నాళ్లు నిలుస్తాయన్నదే ప్రశ్న.

పైపు నట్ల థ్రెడ్ విషయం చిన్నదిగా కనబడుతుంది. 10 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. పిచ్ ఉన్న నట్టు, 3/8 అంగుళం వ్యాసంతో అంగుళానికి 24 థ్రెడ్లున్న నట్టు, రెండూ చేతిలో పెట్టుకుంటే తేడా తెలియనంత దగ్గరగా ఉంటాయి. మొదటిది 10 మి.మీ., రెండోది 9.5 మి.మీ. మీద కొంచెం. సన్నదాన్ని వెడల్పు రంధ్రంలో పెడితే రెండు చుట్లు తిరిగి పట్టినట్టే ఉంటుంది, ఒత్తిడి పడ్డ రోజున ఊడి వస్తుంది. పైపు చివర మడత కూడా సిలిండర్‌లోని కూర్చునే చోటుకు తగినట్టు ఉండాలి. నట్టు మొదటి కొన్ని చుట్లు చేత్తోనే తిరగకపోతే అక్కడే ఆగిపోవాలి.

ఆయిల్‌కూ రబ్బరుకూ ఉన్న సంబంధం ఎంపికలో భాగమే. మన రోడ్డు బండ్లలో వాడే ఆయిల్ సాధారణంగా డాట్ 3 లేదా డాట్ 4 గ్లైకాల్ రకం, దీనికి భారతీయ ప్రమాణం ఐఎస్ 8654. కొన్ని బ్యాక్‌హో లోడర్లూ నిర్మాణ యంత్రాలూ మాత్రం ఖనిజ నూనెతో పనిచేస్తాయి. వాటి రబ్బరు వేరు. ఖనిజ నూనె యంత్రంలో గ్లైకాల్ పోసినా, గ్లైకాల్ బండిలో ఖనిజ నూనె పోసినా రబ్బరు పాడై తీరుతుంది. డాట్ 5 అని రాసి ఉండేది సిలికాన్ ఆయిల్. డాట్ 5.1 అని రాసి ఉండేది గ్లైకాల్ రకమే. అంకెల్లో పోలిక చూసి ఒకదానిలో ఒకటి కలపకూడదు.

కప్పుల కిట్ వేస్తే సరిపోదా అన్న ప్రశ్న యజమానులు న్యాయంగానే అడుగుతారు. పోత ఇనుము సిలిండర్‌లో గుంటలు లేకపోతే, కంపెనీ హద్దుల్లో తేలిగ్గా హోనింగ్ (లోపలి గోడను రాయితో రుద్ది నునుపు చేయడం) చేసి కిట్ వేయడం అంగీకరించదగినదే. అల్యూమినియం సిలిండర్ సంగతి వేరు. దాని గోడ మీద గట్టిపరచిన పలుచని పూత ఉంటుంది. హోనింగ్ రాయి పెట్టగానే అది పోయి, మెత్తని లోహం కప్పులకు ఎదురవుతుంది. వేలి గోరుకు తగిలేంత గుంట ఉన్న ఏ సిలిండర్‌కైనా కిట్ వృథా. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట అసలు భాగం, పేరున్న కంపెనీ ప్రత్యామ్నాయం, ఊరూపేరూ లేనిది, మూడూ పక్కపక్క దుకాణాల్లోనే దొరకవచ్చు. బ్రేకు విషయంలో మూడోదాన్ని ముట్టుకోకపోవడమే సరి. బిల్లు, చెదరని సీలు, మూతులకు దుమ్ము బిరడాలు, పోతలో స్పష్టమైన గుర్తులు, ఇవి ఉన్నాయో లేవో చూసుకోవడానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు.

బిగింపు పని బండిని చదునైన చోట నిలిపి చక్రాలకు అడ్డు పెట్టడంతో మొదలవ్వాలి. ఇంజన్ ఆపి, పెడల్ గట్టిపడేదాకా పదే పదే తొక్కి వాక్యూమ్ ఖాళీ చేయాలి. గాలి వ్యవస్థ ఉంటే ట్యాంకుల్లోని గాలి వదలాలి. డబ్బాలోని పాత ఆయిల్‌ను సిరంజితో తీసేస్తే పని శుభ్రంగా జరుగుతుంది. ఈ ఆయిల్ రంగును తినేస్తుంది కాబట్టి చుట్టూ గుడ్డలు పరచాలి. పైపు నట్లకు మామూలు స్పానర్ పెడితే మూలలు అరిగిపోతాయి, పైపుల కోసం ఉండే స్పానర్ వాడాలి. విప్పిన పైపు మూతులను వెంటనే మూసేయాలి.

కొత్త సిలిండర్ పెట్టే ముందు బూస్టర్ కడ్డీ బయటికి ఎంత వచ్చిందో, సిలిండర్ పిస్టన్ గుంట ఎంత లోతుందో డెప్త్ గేజ్‌తో కొలిచి, రెండింటి మధ్య ఖాళీని కంపెనీ చెప్పిన అంకెకు సరిచేయాలి. ఈ కొలతను దాటవేసే షెడ్లే ఎక్కువ. ఖాళీ అసలు లేకపోతే సన్నని రంధ్రం మూతపడే ఉంటుంది. కొద్ది కిలోమీటర్లు నడిచేసరికి ఆయిల్ వేడెక్కి, తిరిగి పోయే దారి లేక, బ్రేకులు వాటంతట అవే పట్టేస్తాయి. అలా జరిగిన బండిలో కారణం తెలుసుకోవడానికి ఒక సూటి పరీక్ష ఉంది. సిలిండర్‌ను బూస్టర్‌కు పట్టే నట్లను కొద్దిగా వదులు చేసి సిలిండర్‌ను ముందుకు జరపగానే చక్రాలు విడిపోతే కడ్డీ పొడవెక్కువ. అలా కాక పైపు నట్టు వదిలితేనే విడిపోతే లోపం సిలిండర్‌లోనే ఉంది. సిలిండర్‌కూ బూస్టర్‌కూ మధ్య ఉండే రబ్బరు ఓ-రింగును కొత్తది వేయడం మరచిపోతే వాక్యూమ్ అక్కడే కారిపోతుంది.

సిలిండర్‌ను బండికి ఎక్కించక ముందే అందులోని గాలి తీయాలి. వైస్‌లో దాని అంచును మాత్రమే పట్టించి, పైపు మూతుల నుంచి సన్నని గొట్టాలను డబ్బాలోని ఆయిల్ అడుక్కి వంచి, గుండ్రని చెక్క కడ్డీతో పిస్టన్‌ను మెల్లగా నొక్కుతూ వదులుతూ ఉంటే బుడగలు వస్తాయి. అవి పూర్తిగా ఆగిపోయేదాకా తొందరపడకూడదు. ఈ పని ఎగ్గొట్టి బండి మీదే గాలి తీద్దామంటే, వాలుగా కూర్చున్న సిలిండర్ ముందు గదిలో ఇరుక్కున్న గాలి ఎంత తొక్కినా బయటికి రాక, మంచి సిలిండర్‌నే పనికిరానిదని తిప్పి పంపే పరిస్థితి వస్తుంది. బండి మీద పైపు నట్లను ముందు చేత్తో పట్టించి, సిలిండర్ బోల్టులు బిగించి, ఆ తర్వాతే పైపులు బిగించాలి.

చక్రాల దగ్గర గాలి తీసే వరుసను కంపెనీ మాన్యువల్ ప్రకారమే పాటించాలి. దూరపు చక్రంతో మొదలుపెట్టాలన్న పాత సూత్రం అన్ని బండ్లకూ వర్తించదు. లోడును బట్టి వెనుక బ్రేకు ఒత్తిడిని తగ్గించే వాల్వు ఉన్న బండిని జాకీ మీద లేపి వెనుక ఇరుసు వేలాడదీస్తే, బండి ఖాళీగా ఉందనుకుని ఆ వాల్వు వెనుక వరుసను అదుపు చేస్తుంది. అందుకే చక్రాలు నేల మీద ఉండగానే పని చేయాలి. మరో జాగ్రత్త, సిలిండర్ మార్చకుండా ఆయిల్ మాత్రమే మార్చే సందర్భాలకు చెందినది. పెడల్‌ను నేల దాకా తొక్కితే, ఏళ్లుగా కప్పులు చేరని తుప్పు పట్టిన భాగం మీదుగా అవి రాసుకుని చిరిగిపోతాయి. పెడల్ కింద ఒక చెక్క దిమ్మ పెడితే ఈ నష్టం ఉండదు. బయటికి తీసిన ఆయిల్‌ను వడకట్టి మళ్లీ పోయడం, మూత తీసి నెలల తరబడి ఉంచిన సీసాను వాడటం, రెండూ తేమను చేతులారా పోయడమే.

పూర్తయ్యాక ఇంజన్ ఆపి ఉండగా పెడల్ కొన్నిసార్లు తొక్కి, చివరిసారి పట్టి ఉంచి ఇంజన్ వేస్తే పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. అది బూస్టర్ పనిచేస్తోందనడానికి గుర్తు. ఆ తర్వాత ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టినా పెడల్ జారకూడదు. ఖాళీ మైదానంలో నెమ్మదిగా నడిపి, ఆపి, నాలుగు డ్రమ్ముల వేడీ పోల్చి చూడాలి. లోడుతో పరీక్ష ఆ తర్వాతే.

విప్పిన పాత సిలిండర్‌ను చెత్తలో వేయకుండా కోసి చూడటం అవసరం. గోడల మీద తుప్పు, అడుగున గోధుమ రంగు బురద ఉంటే ఆయిల్ మార్చే గడువు తప్పిందని అర్థం. వీల్ సిలిండర్లలో కూడా అదే తుప్పు ఉండే అవకాశం ఎక్కువ. కప్పులు ఉబ్బి, మెత్తబడి, గాడిలోంచి అంచు తన్నుకొచ్చి ఉంటే మాత్రం విషయం తీవ్రమైనది. ఎప్పుడో ఒకసారి ఇంజన్ ఆయిలో, స్టీరింగ్ ఆయిలో డబ్బాలో పడింది, లేదా భాగాలను కిరోసిన్‌తోనో పెట్రోలుతోనో కడిగారు. అలాంటప్పుడు కొత్త సిలిండర్ ఒక్కటీ వేసి ఊరుకుంటే, పైపుల్లో మిగిలిన ఆ కలుషితమైన ఆయిల్ కొత్త కప్పులను కూడా కొద్ది వారాల్లోనే అదే స్థితికి తెస్తుంది. పైపులను బ్రేక్ ఆయిల్‌కు సరిపడే క్లీనర్‌తో కడిగి ఆరబెట్టి, వీల్ సిలిండర్ కప్పులు, హోసులు, డబ్బా రబ్బర్లు అన్నీ మార్చి, ఆ తర్వాతే తాజా ఆయిల్ పోయాలి. ఖర్చు ఎక్కువే అవుతుంది. ఆ బండిని అంతకన్నా తక్కువ పనితో రోడ్డెక్కించడానికి వీల్లేదన్న మాట యజమానికి బిల్లు రాసే ముందే చెప్పాలి.